శవాన్ని ముందు చూసినవాడే హంతకుడా?

ఈ మధ్య తెలుగులో క్రైమ్ వీడియోలు చేసే ఒకాయన జాక్ ది రిప్పర్ మీద, అంటే 1888లో లండన్‌లో వరసగా ఆడవాళ్లను చంపి ఎన్నటికీ దొరకని హంతకుడి మీద, పెద్ద వీడియో పెట్టారు. బాగా కష్టపడి చేశారు. వీధుల మ్యాపులు, తేదీలు, అప్పటి పత్రికల బొమ్మలు అన్నీ ఉన్నాయి. చివరి పావుగంటలో మాత్రం, ఇక రహస్యం విప్పేస్తున్నట్టుగా, చార్లెస్ లెచ్‌మియర్ అనే పేరు చెప్పి హంతకుడు ఇతనేనని తేల్చేశారు. నా పక్కన కూర్చుని చూసిన మేనల్లుడు వెంటనే నమ్మేశాడు. "ఏ తప్పూ చేయనివాడైతే కోర్టులో వేరే పేరు ఎందుకు చెప్పాడు మామయ్యా?" అని నన్నే అడిగాడు.

వాడి ప్రశ్నకు జవాబుంది, కింద చెబుతాను. కానీ నన్ను ఇంకా వదలని విషయం అంతకంటే పెద్దది. విక్టోరియా రాణి కాలపు తేలని హత్యల గురించి చదివేవాళ్లలో ఒక అలవాటు బాగా బలపడింది. రాజకుటుంబం మీద, పేరున్న డాక్టర్ల మీద అల్లిన కథలు పాతబడిపోయాయి. ఇప్పుడు అందరి చూపూ సాక్షుల మీద పడింది. శవాన్ని చూసి పోలీసుకు చెప్పినవాడు, పక్కింటి దొడ్లోంచి మాట విన్నవాడు, ఆమెను చివరిసారి ప్రాణాలతో చూశానన్నవాడు, ఆమెతో కలిసి బతికినవాడు, ఇలా ఒక్కొక్కరి మీద ఒక్కో సిద్ధాంతం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ అనుమానాల్లో చాలావరకు ఆ సాక్షులు చేసిన పనిలోంచి పుట్టలేదు. వాళ్ల పేరు, అడ్రసు, మాట కాగితం మీద మిగిలాయి కాబట్టి పుట్టాయి. హంతకుడు ఏ కాగితమూ మిగల్చలేదు. వెతికేవాళ్లకు దొరికేది సాక్షులే. దొరికినవాళ్ల మీదే అనుమానం పడుతోంది.

బక్స్ రోలో ఆ తెల్లవారుజాము

1888 ఆగస్టు 31. మేరీ ఆన్ నికోల్స్ శవం వైట్‌చాపెల్‌లోని బక్స్ రోలో దొరికిన రోజు. పిక్‌ఫోర్డ్స్ కంపెనీలో సరుకు బండి తోలే లెచ్‌మియర్ పనికి నడిచి వెళ్తూ, ఒక గేటు ముందు టార్పాలిన్ పట్టాలాంటిదేదో పడి ఉందనుకుని చూశాడు. రోడ్డు మధ్యదాకా వచ్చాక అది ఆడమనిషి అని తెలిసింది. అంతలో వెనక అడుగుల చప్పుడు. ఇంకో బండివాడు, రాబర్ట్ పాల్, వస్తున్నాడు. ఆ వీధిలో దోపిడీలు మామూలే కాబట్టి పాల్ భయపడి పక్కనుంచి తప్పించుకుపోబోయాడు. మొదటివాడు అతని భుజం తట్టి, ఇక్కడొక ఆడమనిషి పడి ఉంది, వచ్చి చూడమన్నాడు.

ఈ ఒక్క సంగతి మీద కాస్త నిలబడి ఆలోచించమని అడుగుతాను. చీకటి వీధి. ఎదుటివాడు తనంతట తానే మొహం తిప్పుకుని పోతున్నాడు. అప్పుడే ఒక మనిషిని చంపి, ఒంటి మీద కత్తి పెట్టుకున్నవాడు అలా పోయేవాణ్ని ఆపి, శవం దగ్గరికి తీసుకొస్తాడా? ఆ తర్వాత అతనితో కలిసి నడిచి వెళ్లి పోలీసుకు చెబుతాడా? పారిపోవడానికి అతనికి చీకటి ఉంది, దారి ఉంది, సమయమూ ఉంది.

లెచ్‌మియర్ మీద సిద్ధాంతం నడిపేవాళ్ల దగ్గర దీనికి సమాధానం ఉంది. అతను కరడుగట్టినవాడు, అతనికి అంత గుండె ధైర్యం ఉంది అంటారు. పారిపోయి ఉంటే, తప్పు చేశాడు కాబట్టి పారిపోయాడు అనేవాళ్లు. నిలబడ్డాడు, కాబట్టి మరీ ప్రమాదకరమైనవాడు అంటున్నారు. ఏం చేసినా నేరానికే రుజువయ్యే చోట రుజువు అన్న మాటకు విలువేం ఉంటుంది?

ఇక మా మేనల్లుడి ప్రశ్న. కరోనర్ (అనుమానాస్పద మరణాలను విచారించే అధికారి) జరిపిన విచారణలో ఆ మనిషి తన పేరు చార్లెస్ అలెన్ క్రాస్ అని చెప్పాడు. ప్రభుత్వ రికార్డుల్లో అతని పేరు చార్లెస్ అలెన్ లెచ్‌మియర్. విన్నప్పుడు ఒళ్లు జలదరించే విషయమే. కానీ క్రాస్ అన్నది అతని మారుతండ్రి ఇంటిపేరు. ఆ మారుతండ్రి థామస్ క్రాస్ పోలీసు కానిస్టేబుల్. 1861 జనాభా లెక్కల్లో ఈ కుర్రవాడి పేరు చార్లెస్ క్రాస్ అనే రాసి ఉంది. 1876లో బండి కింద పడి ఒక పిల్లవాడు చనిపోయినప్పుడు జరిగిన విచారణలోనూ చార్లెస్ క్రాస్ అనే పిక్‌ఫోర్డ్స్ బండివాడి పేరు కనబడుతుంది. అంటే పనిచేసే చోట అతన్ని ఆ పేరుతోనే పిలిచి ఉండాలి. మన దగ్గర స్కూలు సర్టిఫికెట్లో ఒక పేరు, ఊళ్లో ఒక పేరు, ఆధార్ కార్డులో మూడో పేరు ఉన్నవాళ్లు ఎంతమంది లేరు? వాళ్లెవరూ దొంగ పేర్లతో తిరగడం లేదు.

ఆ వీడియోలో చెప్పకుండా వదిలేసిన ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. అతను బెత్నల్ గ్రీన్‌లో తను ఉంటున్న ఇంటి అడ్రసు, 22 డవ్‌టన్ స్ట్రీట్, చెప్పాడు. పిక్‌ఫోర్డ్స్‌లో ఇరవై ఏళ్లకు పైగా పనిచేస్తున్నానని చెప్పాడు. రెండూ నిజం. పట్టుబడకూడదనుకున్నవాడు పేరు దాచి, ఇంటికి దారి చూపించి, పని చేసే చోటు కూడా చెబుతాడా? ఇంటి అడ్రసు తెలిసినవాణ్ని పట్టుకోవడానికి పోలీసులకు ఇంటిపేరుతో పనేముంది?

గడియారాల సంగతి

లెచ్‌మియర్‌కు వ్యతిరేకంగా చెప్పే రెండో మాట టైమింగ్. ఇంట్లోంచి మూడున్నరకు బయల్దేరానన్నాడు, నడిస్తే ఏడెనిమిది నిమిషాల దూరం, పాల్ వచ్చేసరికి మూడూ నలభై ఐదు, మధ్యలో మిగిలిన నిమిషాల్లో ఏం చేశాడు అని అడుగుతారు.

అసలు ఆ నలభై ఐదు ఎక్కడినుంచి వచ్చిందో చూడండి. పాల్ తాను వీధిలోకి వచ్చినప్పుడు సరిగ్గా 3:45 అన్నాడు. వాళ్లిద్దరూ వెళ్లిపోయాక శవాన్ని తనంతట తాను చూసిన కానిస్టేబుల్ జాన్ నీల్ కూడా 3:45 అన్నాడు. వాళ్లిద్దరూ నడిచి వెళ్లి బేకర్స్ రో మూలమీద కలిసిన కానిస్టేబుల్ జోనాస్ మైజెన్ కూడా 3:45 అన్నాడు. ఒకదాని తర్వాత ఒకటి జరిగిన మూడు పనులకు ముగ్గురూ ఒకే టైము చెప్పారు. ముగ్గురిదీ సరైన టైము కావడానికి వీల్లేదు. మరి ఎవరూ అబద్ధం ఆడారని అనుకోనక్కర్లేదు కూడా. బండివాడి జేబులో గడియారం ఉండే రోజులు కావవి. చర్చి గంట, బీరు కాచే కర్మాగారం గంట, లేదంటే కాస్త డబ్బు పుచ్చుకుని తెల్లవారుజామున కిటికీ తట్టి లేపే మనిషి. అవే వాళ్ల టైము. గ్రీనిచ్ టైము చట్టబద్ధంగా దేశమంతటికీ ఒక్కటైందే 1880లో. అలాంటి చోట ఒకడి "సుమారు"కూ ఇంకొకడి "సరిగ్గా"కూ మధ్య తేడా తీసి, ఆ తేడాలో హత్య ఇరికించడం నాకు మింగుడుపడదు.

మైజెన్ సంగతి ఇంకొంచెం క్లిష్టం. అతను విచారణలో చెప్పింది: బక్స్ రోలో ఒక పోలీసు నిన్ను రమ్మంటున్నాడని ఆ బండివాడు తనతో అన్నాడని. క్రాస్ దాన్ని కొట్టిపారేశాడు. అక్కడ నాకు పోలీసు ఎవరూ కనబడలేదు, అలా నేను చెప్పలేదు అన్నాడు. సిద్ధాంతం నడిపేవాళ్లు దీన్ని పెద్ద ఆధారంగా చూపిస్తారు. తనను సోదా చేయకుండా తప్పించుకోవడానికి అలా చెప్పాడంటారు. ఇది పూర్తిగా కొట్టేయదగ్గ వాదన కాదు. ఇద్దరిలో ఒకరి మాట తప్పు. కానీ ఆ రోజు మైజెన్‌కు కూడా తన మాటను కాపాడుకోవాల్సిన అవసరం ఉంది. ఆడమనిషి పడి ఉందని చెప్పినా, అతను జనాన్ని నిద్రలేపే పని ఆపలేదని పాల్ ఆ ఆదివారమే లాయిడ్స్ పత్రికకు ఇంటర్వ్యూ ఇచ్చి తప్పు పట్టాడు. అక్కడ ఇంకో పోలీసు ఉన్నాడని విన్నవాడు నింపాదిగా వెళ్లడంలో తప్పు లేదు కదా. ఆ మాట మైజెన్‌కు పనికొచ్చేదే. పోలీసు మాట నిజం, బండివాడి మాట అబద్ధం అని మనం ఎలా మొదలుపెడతాం?

ఒకడిని దోషి చేయాలంటే

నాకు ఈ సిద్ధాంతంలో అన్నిటికంటే ఇబ్బందిగా అనిపించే విషయం దాని పక్క ప్రభావం.

సెప్టెంబర్ 8న 29 హాన్‌బరీ స్ట్రీట్ పెరట్లో యానీ చాప్మన్ హత్య జరిగింది. ఉదయం ఆరు దరిదాపుల్లో జాన్ డేవిస్ అనే అద్దెదారు శవాన్ని చూశాడు. అంతకుముందు ముగ్గురి సాక్ష్యం ఉంది. తల్లి వాడుకునే సెల్లారు తాళం చూడడానికి ఐదింటికి కాస్త ముందు వచ్చిన జాన్ రిచర్డ్‌సన్, మెట్టు మీద కూర్చుని బూటులో గుచ్చుకుంటున్న తోలు కోసుకున్నాడు, అప్పుడు అక్కడ శవం లేదన్నాడు. పక్కింటి ఆల్బర్ట్ కాడోష్ కంచె అవతల "నో" అన్న మాట, తర్వాత కంచెకు ఏదో తగిలిన చప్పుడు విన్నానన్నాడు. ఎలిజబెత్ లాంగ్ ఐదున్నరకు ఇంటి ముందు ఒక మగమనిషితో ఆమె నిలబడి ఉండగా చూశానంది. ముగ్గురి మాటలూ కలిపి చూస్తే హత్య ఐదున్నర ప్రాంతంలో జరిగింది.

లెచ్‌మియర్ పని నాలుగింటికి మొదలు. ఐదున్నరకు అతను పెరట్లో ఎలా ఉంటాడు? అందుకని సిద్ధాంతానికి హత్య ఇంకా ముందే జరగాలి. శవాన్ని చూసిన డాక్టర్ జార్జ్ బాగ్‌స్టర్ ఫిలిప్స్, తను చూసేసరికి చనిపోయి కనీసం రెండు గంటలై ఉంటుందన్నాడు. ఆ మాటను పట్టుకున్నారు. కానీ ఆ డాక్టర్ చేత్తో తాకి శరీరం చల్లదనం అంచనా వేశాడు. ఉదయం చలిగా ఉందని, రక్తం చాలా పోయిందని తనే మినహాయింపు చెప్పుకున్నాడు. కరోనర్ విన్ బాక్స్‌టర్ కూడా ఆ అంచనా తప్పై ఉండొచ్చనే అన్నాడు.

అంటే ఒక్క సాక్షిని హంతకుణ్ని చేయడానికి మరో ముగ్గురు సాక్షులను గుడ్డివాళ్లుగానో అబద్ధాలకోరులుగానో చేయాలి. రిచర్డ్‌సన్ మీద ఇంకో అనుమానం ఎప్పటినుంచో ఉంది. ఆ తెల్లవారుజామున అతని చేతిలో కత్తి ఉందని అతనే చెప్పాడు! విచారణ మధ్యలో ఇంటికి పంపించి ఆ కత్తి తెప్పించారు. తనంతట తాను కత్తి సంగతి చెప్పినవాణ్ని, ఆ చెప్పినందుకే అనుమానిస్తున్నాం. అదే పెరట్లో దొరికిన తోలు ఏప్రన్ అతనిదే, అతని తల్లి ఉతికి అక్కడ పెట్టింది. ఊరంతా అప్పుడు "లెదర్ ఏప్రన్" అనే మనిషే హంతకుడన్న పుకారుతో ఊగిపోతోంది. ఆ పుకారు వల్ల జాన్ పైజర్ అనే చెప్పులు కుట్టే యూదుణ్ని పోలీసులు అరెస్టు చేశారు. హత్యల రాత్రుల్లో తానెక్కడున్నాడో రుజువు చూపించి అతను బయటపడ్డాడు.

లాంగ్, కాడోష్ చెప్పిన టైములు పది నిమిషాల వరకు కలవవు. ఆ పది నిమిషాల కోసం ఇద్దరినీ పక్కన పెట్టేయాలంటారు. ఆమె విన్నది కర్మాగారం గంట, అతను చూసింది చర్చి గడియారం. రెండూ ఒకే టైము చూపించాయని ఎవరు హామీ ఇస్తారు?

జవాబు తెలిసిన ఒక కేసు

తేలని కేసుల్లో మనం ఎటువైపైనా వాదించుకోవచ్చు. అందుకే కొంతకాలం తేలకుండా ఉండి, తర్వాత తేలిన కేసు చూడడం మంచిదనిపిస్తుంది.

1860 జూన్ 30, విల్ట్‌షైర్‌లోని రోడ్ అనే ఊరు. శామ్యూల్ కెంట్ ఇంట్లో నాలుగేళ్లు నిండని సావిల్ అనే పిల్లవాడు ఉయ్యాల మంచంలోంచి మాయమయ్యాడు. పనివాళ్ల మరుగుదొడ్డిలో శవం దొరికింది. అనుమానం మొదట ఎవరి మీద పడిందో చూడండి. పిల్లవాడితో ఒకే గదిలో పడుకున్న ఆయా ఎలిజబెత్ గఫ్. ఆమె ఐదింటికి మేలుకుని మంచం ఖాళీగా ఉండడం చూసింది. తల్లి తీసుకెళ్లి ఉంటుందనుకుని మళ్లీ పడుకుంది. ఏడింటి ప్రాంతంలో గానీ సంగతి బయటపడలేదు. ఆ రెండు గంటలూ ఆమె మెడకు చుట్టుకున్నాయి. యజమానితో సంబంధం అంటగట్టారు. అరెస్టు చేశారు, వదిలారు, మళ్లీ అరెస్టు చేశారు, మళ్లీ వదిలారు.

శవాన్ని కనుక్కున్న ఇద్దరిలో విలియం నట్ అనే చెప్పులు కుట్టేవాడు ఉన్నాడు. వెతకడం మొదలుపెట్టినప్పుడు, బతికున్న పిల్లవాడి కోసమే కాదు, చచ్చిపోయిన పిల్లవాడి కోసం కూడా చూడాలి అని అతను అన్నాడట. అంత ముందుగా ఎలా తెలిసింది అని అతన్నీ అనుమానించారు. మనిషి మనసులో భయపడ్డ మాట నోట్లోంచి వచ్చింది, అంతే.

ఐదేళ్ల తర్వాత, 1865 ఏప్రిల్‌లో, ఆ పిల్లవాడి సవతి అక్క కాన్‌స్టన్స్ కెంట్ లండన్ బో స్ట్రీట్ కోర్టుకు వచ్చి తానే చంపానని ఒప్పుకుంది. హత్య జరిగిన మరుసటి నెల జూలైలోనే ఆమెను అనుమానించి అరెస్టు చేసిన స్కాట్లండ్ యార్డ్ డిటెక్టివ్ విచర్ పరువు అప్పటికే పోయింది. కాన్‌స్టన్స్ ఒంటరిగా చేసిందా, ఇంకెవరినైనా కాపాడుతోందా అన్న వాదన తర్వాత కూడా సాగింది. అది వేరే చర్చ. నాకు కావలసింది ఇది: ఆ ఐదేళ్లూ ఎలిజబెత్ గఫ్ మీద పేరుకున్న అనుమానం ఇవాళ లెచ్‌మియర్ మీద ఉన్న అనుమానం కంటే బలమైనది. ఆమె ఆ గదిలోనే ఉంది. రెండు గంటలు ఎవరికీ చెప్పలేదు. ఇవి జరిగిన నిజాలు. అయినా ఆమె మీద కేసు నిలబడలేదు. తెల్లవారుజామున సగం నిద్రలో ఉన్న పనిమనిషి ఏమనుకుంటుందో ఆమె అదే అనుకుంది.

ఇంకో సంగతి. అప్పటి ఇంగ్లండ్ చట్టంలో ముద్దాయి తన తరఫున ప్రమాణం చేసి సాక్ష్యం చెప్పుకోవడానికి మామూలుగా వీల్లేదు. ఆ హక్కు పూర్తిగా వచ్చింది 1898లో. కరోనర్ ముందు సాక్షిగా ఎంతైనా మాట్లాడొచ్చు. అదే మనిషి ముద్దాయి అయ్యాడా, ప్రమాణం మీద మాట్లాడే హక్కు పోయినట్టే. చనిపోయిన సాక్షిని ఇవాళ మనం ముద్దాయిని చేసినప్పుడు జరిగేదీ అదే. అతను జవాబు చెప్పుకోలేడు.

అయినా అనుమానించాల్సిందే అనేవాళ్ల మాట

నేను చెప్పేదానికి ఎదురుగా గట్టి వాదనలున్నాయి. వాటిని దాటవేయను.

శవాన్ని చూశానన్నవాణ్ని, చివరగా చూశానన్నవాణ్ని పోలీసులు ముందు విచారిస్తారు, విచారించాలి కూడా. ఇంగ్లండ్‌లోనే 2002లో సోహమ్ అనే ఊళ్లో ఇద్దరు చిన్నపిల్లలు మాయమైనప్పుడు, వాళ్లను చూశానని టీవీ వాళ్ల ముందు మాట్లాడిన స్కూలు కేర్‌టేకర్ ఇయాన్ హంట్లీయే హంతకుడు. సాక్షి వేషంలో హంతకుడు ఉండడం అసాధ్యమని ఎవరూ అనలేరు. కానీ హంట్లీని దోషిగా నిలబెట్టినవి అతని మాటలో తడబాట్లు కావు. పిల్లల బట్టలు అతను పనిచేసే చోట కాల్చిన స్థితిలో దొరికాయి. అనుమానం వెతకడానికి దారి చూపింది, దొరికిన వస్తువులు నేరాన్ని చెప్పాయి. లెచ్‌మియర్ విషయంలో అనుమానం దగ్గరే కథ ఆగిపోయింది, తీర్పు మాత్రం వచ్చేసింది.

జార్జ్ హచిన్సన్ దగ్గర నాకూ ఇబ్బందే. 1888 నవంబర్ 9న మిల్లర్స్ కోర్ట్ అనే ఇరుకు సందులో మేరీ కెల్లీ హత్య. 12వ తేదీన విచారణ ఒక్క రోజులో ముగిసిపోయింది. అది ముగిసిన సాయంత్రం హచిన్సన్ పోలీస్ స్టేషన్‌కు వచ్చాడు. ఆ రాత్రి కెల్లీతో పాటు గదిలోకి వెళ్లిన మనిషిని చూశానన్నాడు. ఆస్ట్రఖాన్ బొచ్చు అంచున్న కోటు, బంగారు గొలుసు, గుర్రపు నాడా ఆకారంలో టై పిన్ను. వీధి దీపాల వెలుతురులో రాత్రి రెండింటికి చూసినవాడు చెప్పే వివరాలా ఇవి? పైగా ఆ సందు బయట ముప్పావుగంట నిలబడ్డానన్నాడు. సారా లూయిస్ అనే సాక్షి, రెండున్నరకు అక్కడ ఒక మగమనిషి నిలబడి ఆ సందు వైపు చూస్తున్నాడని అంతకుముందే విచారణలో చెప్పింది. అతను అక్కడ ఉన్నాడనే నేననుకుంటాను. ఆ కోటు, ఆ గొలుసు మాత్రం నమ్మలేను. ఇన్‌స్పెక్టర్ ఆబర్‌లైన్ ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నించి, అతని మాట నిజమే అనిపిస్తోందని రిపోర్టులో రాశాడు. కొద్ది రోజుల్లోనే ది స్టార్ పత్రిక అతని మాటకు విలువ పోయిందని రాసింది.

అలాగని హంతకుడు అంటారా? మాట పెంచి చెప్పేవాళ్లు ఆ కేసులో చాలామంది ఉన్నారు. ఆ వరుసలోనే ఇంకో హత్య జరిగిన బెర్నర్ స్ట్రీట్‌లో పళ్లమ్మే మాథ్యూ పాకర్‌ను ఆ ఉదయమే పోలీసులు అడిగితే ఏమీ చూడలేదన్నాడు. ప్రైవేటు డిటెక్టివ్‌లు, పత్రికలు వచ్చాక ద్రాక్షపళ్లు అమ్మానన్నాడు. తర్వాత వివరాలు మారుతూ పోయాయి. అతని మాట నమ్మలేం, అంతవరకే. అబద్ధం చెప్పినవాడు అబద్ధం చెప్పాడు. దాని మీద హత్య మోపాలంటే ఇంకేదో కావాలి.

మన దగ్గర గుమ్మడికాయల దొంగ సామెత ఉంది కదా. భుజాలు తడుముకున్నవాడే దొంగ అని. చిన్నప్పటినుంచి విని నమ్మేస్తాం. నిజానికి పదిమందిలో నిలబెట్టి దొంగ దొంగ అంటే భుజం తడుముకోని అమాయకుడెవరు? సాక్షి బోనులో చెమట పట్టడం, టైము తప్పు చెప్పడం, ఒక మాట అటూ ఇటూ కావడం నేరం చేయనివాళ్లకూ జరుగుతాయి. అందుకే ఏ సాక్షి మీద అనుమానం విన్నా నేను ఒకటే అడుగుతాను. ఆ స్థితిలో ఏ తప్పూ చేయనివాడు కూడా ఇదే చేసి ఉండేవాడా? అవును అయితే, అది అతనికి వ్యతిరేకంగా చెప్పుకోదగ్గ ఆధారం కాదు. క్రాస్ పేరు, క్రాస్ టైము, అతను పనికి నడిచిన దారి, పాల్ అన్నప్పుడు నికోల్స్‌ను ఎత్తి కూర్చోబెట్టడానికి ఒప్పుకోకపోవడం. అన్నిటికీ జవాబు అవుననే వస్తుంది. దారి సంగతైతే మరీ. బెత్నల్ గ్రీన్ నుంచి సిటీ వైపు రోజూ అదే దారుల్లో వేలమంది నడిచేవాళ్లు.

చెప్పినవాడికి దక్కేది

రాబర్ట్ పాల్ సంగతి చాలామంది చెప్పరు. సెప్టెంబర్ నెలాఖరులో లాయిడ్స్ పత్రికలోనే అతని గోడు వచ్చింది. పత్రికతో మాట్లాడిన తర్వాత పోలీసులు అతన్ని అర్ధరాత్రి లేపి తీసుకెళ్లారు. మర్నాడు ఒక రోజు పని పోయింది, దానికి పైసా రాలేదు. విచారణకు రెండు రోజులు పిలిచారు. పని పోకుండా ఉండాలంటే తన బదులు ఇంకొకణ్ని పెట్టాలి, దానికి రోజుకు ఐదు షిల్లింగులు. సాక్ష్యానికి అతనికి ఇచ్చింది రోజుకు ఒక షిల్లింగు. ఆ తూర్పు లండన్ పేటల్లో కూలి చేసుకునేవాడు ఏదైనా చూసినా ఎందుకు నోరు మూసుకుంటాడో అర్థం చేసుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఇది చదివినప్పుడు మా బాబాయి గుర్తుకొచ్చాడు. చాలా ఏళ్ల కిందట తెల్లవారుజామున పొలానికి నీళ్లు పెట్టడానికి వెళ్తూ, కాలవ గట్టు మీద ఒక మనిషి పడి ఉండడం చూశాడు. ఊళ్లోకి పరిగెత్తుకొచ్చి చెప్పాడు. పంచనామా రాశారు, బాబాయి సంతకం పెట్టాడు. ఇక అక్కడినుంచి స్టేషన్‌కు రమ్మనడం, ఎన్నింటికి చూశావు, ఆ దారినే ఎందుకెళ్లావు అని అడగడం. ఒకసారి నాలుగు అన్నాడు, ఒకసారి నాలుగున్నర అన్నాడు, ఒకసారి కోడి కూశాక అన్నాడు. ఆయన చేతికి వాచీ లేదు. ఆ తేడాల మీద మళ్లీ ప్రశ్నలు. చివరికి పోస్ట్‌మార్టంలో ఆ మనిషి గుండె ఆగి పోయాడని తేలింది. స్టేషన్ వదిలేసింది, ఊరు వదల్లేదు. ఆయనకేదో తెలుసు, చెప్పట్లేదు అనేవాళ్లు. ఆ టెన్షన్ చూసిన మా పిన్ని, ఇంకెప్పుడూ ఇలాంటివాటిలో తలదూర్చొద్దని ఒట్టు పెట్టించుకుంది. ఆ తర్వాత రోడ్డు మీద ఏ ప్రమాదం జరిగినా బాబాయి బండి ఆపలేదు.

రోడ్డు ప్రమాదాల్లో సాయపడినవాళ్లను వేధించకూడదన్న మార్గదర్శకాలను సుప్రీంకోర్టు 2016లో తప్పనిసరి చేసింది. 2019లో మోటారు వాహనాల చట్టంలోకి దీనికోసం 134ఏ సెక్షన్ చేర్చారు. ఆ అవసరం ఎందుకొచ్చిందో మా బాబాయికి ఎవరూ వివరించనక్కర్లేదు.

చచ్చిపోయి వందేళ్లయినవాడి గురించి ఏమనుకుంటే ఏంటి, ఎవరికి నష్టం, అని మా మేనల్లుడు ఆ రోజు చివర్న అన్నాడు. లెచ్‌మియర్ 1920లో చనిపోయాడు. పెద్ద సంసారం, బోలెడంతమంది పిల్లలు. వాళ్ల వంశం వాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల ముత్తాత పేరును ప్రపంచంలోకెల్లా అసహ్యమైన నేరానికి అంటగట్టేటప్పుడు, మన చేతిలో ఉన్నది ఒక ఇంటిపేరు, కొన్ని నిమిషాల తేడా, ఒక కానిస్టేబుల్‌తో పేచీ. మేరీ ఆన్ నికోల్స్‌కు దీనివల్ల న్యాయం జరిగిందని కూడా నాకు అనిపించదు. ఆ రాత్రి ఆమెను చూసి ఆగిన మొదటి మనిషి అతనే.

ఆ వీడియో చేసినాయనకు ఇదంతా ఉత్తరంగా రాశాను. కథ తీసేయమని అడగలేదు. 22 డవ్‌టన్ స్ట్రీట్ అని అతను తన ఇంటి అడ్రసు చెప్పిన సంగతి, భయపడి తప్పించుకుపోతున్న పాల్‌ను అతనే ఆపిన సంగతి, చాప్మన్ కేసులో ఆ ముగ్గురు సాక్షులు చెప్పిన టైము. ఈ మూడూ వీడియోలో చేర్చమన్నాను. అవి విన్నాక కూడా నమ్మేవాళ్లు నమ్మనీ.